డోరతీ డాండ్రిడ్జ్ చావు కాదు, ఆమె చేసిన పని గురించి రాయండి

సంపాదకులు గారికి నమస్కారం.

మొన్న ఆదివారం మీ సినిమా పేజీలో డోరతీ డాండ్రిడ్జ్ అనే పాత హాలీవుడ్ నల్లజాతి నటి మీద వ్యాసం వేశారు. తెలుగు పేపర్లో ఆమె ఫొటో అంత పెద్దగా చూసి నాకు నిజంగా సంతోషమైంది, ఆ మాట ముందే చెప్పాలి. పాత హాలీవుడ్ అనగానే మన పేపర్లు తిరిగి తిరిగి మార్లిన్ మన్రో దగ్గర, ఆడ్రీ హెప్‌బర్న్ దగ్గరే ఆగుతాయి. 1955లో ఉత్తమ నటి ఆస్కార్ నామినేషన్లలో అదే ఆడ్రీ హెప్‌బర్న్ పేరు పక్కన ఒక నల్లజాతి అమ్మాయి పేరు కూడా ఉందని ఎవరూ గుర్తు చేయరు. మీరు చేశారు. కానీ చదవడం పూర్తయ్యేసరికి మనసు చివుక్కుమంది. పేజీలో సగానికి పైగా ఆమె ఎవరిని ప్రేమించింది, ఎవరు మోసం చేశారు, పోయేనాటికి బ్యాంకులో ఎన్ని డాలర్లు మిగిలాయి, మందులు ఎక్కువ మింగిందా లేక ఇంకేమైనా జరిగిందా, ఇదే. ఆమె గాయని అన్న సంగతి ఒక్క వాక్యంలో వచ్చి పోయింది. అందుకే ఈ ఉత్తరం. కొంచెం పొడుగవుతుంది, వీలైతే కోయకుండా వేయండి.

నాది హనుమకొండ. పెళ్లిళ్లలో, గణపతి నవరాత్రుల్లో, బతుకమ్మ ప్రోగ్రాముల్లో ఆర్కెస్ట్రాతో చాలా ఏండ్లు పాడాను. జనగామ నుంచి ములుగు దాకా నేను పాడని ఫంక్షన్ హాలు తక్కువే. ఇప్పుడు నయీంనగర్‌లో పిల్లలకు పాట నేర్పిస్తున్నాను. సినిమా చరిత్ర చదువుకున్నదాన్ని కాదు. మా ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించే అన్నకు పాత ఇంగ్లిష్ పాటలంటే పిచ్చి, ఆయన ఫోన్‌లో పెట్టి వినిపించిన గొంతుల్లో డోరతీది ఒకటి. వినగానే ఎవరు ఈమె అని అడిగాను. అప్పటి నుంచి దొరికినవన్నీ చూస్తూ, చదువుతూ వచ్చాను. స్టేజీ ఎక్కి పాడే మనిషి ఇంకో పాడే మనిషిని ఎట్లా చూస్తుందో అట్లానే రాస్తున్నాను.

మీ వ్యాసంలో ఆమె కథ 1954లో 'కార్మెన్ జోన్స్'తో మొదలైనట్టు ఉంది. అప్పటికే ఆమె స్టేజీ ఎక్కి పాతికేళ్లు కావస్తోంది! 1922 నవంబర్ 9న ఒహాయోలోని క్లీవ్‌లాండ్‌లో పుట్టింది. తండ్రి దూరమయ్యాడు. తల్లి రూబీ డాండ్రిడ్జ్ నటి, ఇద్దరు ఆడపిల్లలను చిన్నప్పుడే పాటకు, ఆటకు తయారుచేసింది. డోరతీ, అక్క వివియన్ కలిసి 'వండర్ చిల్డ్రన్' పేరుతో అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో చర్చి చర్చికీ తిరిగి ప్రదర్శనలిచ్చారు. బడికి పోయే వయసులో ఊరూరా తిరగడం అన్నమాట. వాళ్లను చూసుకోవడానికి పెట్టిన ఆవిడ కఠినంగా ఉండేదని, కొట్టేదని తర్వాత తెలిసింది. కొంచెం పెద్దయ్యాక ఎట్టా జోన్స్ అనే ఇంకో అమ్మాయి కలిసింది, ముగ్గురూ 'డాండ్రిడ్జ్ సిస్టర్స్' అయి న్యూయార్క్ కాటన్ క్లబ్ దాకా వెళ్లారు.

ఇక్కడ తల్లి సంగతి కొంచెం ఆగి చెప్పాలి. రూబీకి హాలీవుడ్‌లో, రేడియోలో దొరికిన పాత్రలు ఎక్కువగా పనిమనిషివే. తెల్లవాళ్ల ఇంట్లో వంట చేసే, నవ్వించే, తప్పుడు ఇంగ్లిష్ మాట్లాడే ఆడమనిషి. అప్పుడు నల్లజాతి నటీమణులకు ఉన్న దారి అదొక్కటే. 1940లో హాటీ మెక్‌డానియల్‌కు సహాయ నటిగా ఆస్కార్ వచ్చింది, ఆస్కార్ అందుకున్న మొదటి నల్లజాతి మనిషి ఆమె, అది కూడా పనిమనిషి పాత్రకే. అవార్డు ఇచ్చిన ఆ రాత్రే హాల్లో ఆమెను తోటి నటుల దగ్గర కూర్చోనీయలేదు, గోడవార వేరే టేబుల్ వేశారు. డోరతీ ఇదంతా చూస్తూ పెరిగింది. తన తల్లి వేసిన వేషం తను వేయకూడదని గట్టిగా అనుకుంది. ఆమె కెరీర్‌లో కనిపించే ఖాళీల్లో కొన్ని ఈ పట్టుదల వల్ల వచ్చినవే. మీ వ్యాసం రాసినాయన ఆ ఖాళీలను ప్రేమ వ్యవహారాలతో నింపారు, నాకు అసలు కష్టం అనిపించింది అక్కడే.

1941, 42ల్లో అమెరికాలో సౌండీలు అని ఉండేవి. హోటళ్లలో, బార్లలో పెట్టెలాంటి మెషీన్ ఉంటుంది, అందులో నాణెం వేస్తే మూడు నిమిషాల పాట బొమ్మతో సహా వస్తుంది. మన చేతిలోని ఫోన్లో రీల్స్ లాంటివే. డోరతీ అలాంటివి చాలా చేసింది, ఇప్పటికీ నెట్‌లో దొరుకుతాయి. కౌబాయ్ టోపీ పెట్టుకుని పాడే పాట ఒకటుంది, అది చూస్తే ఆ అమ్మాయికి కెమెరా అంటే ఎంత చనువో తెలుస్తుంది. పాడుతూ కంటితో, భుజంతో తాళం చెబుతుంది. 1941లోనే 'సన్ వ్యాలీ సెరెనేడ్'లో గ్లెన్ మిల్లర్ బ్యాండ్ వాయిస్తుంటే నికొలస్ బ్రదర్స్ అనే డాన్సర్ల జంటతో కలిసి పాడి ఆడింది. ఆ అన్నదమ్ముల్లో చిన్నవాడు హెరాల్డ్‌నే మరుసటి ఏడు పెళ్లి చేసుకుంది. 1943లో కూతురు పుట్టింది. పాపకు పుట్టుకతోనే మెదడు దెబ్బతింది, మాట రాలేదు, తల్లిని గుర్తుపట్టే స్థితి లేదు. పెళ్లి 1951లో పెటాకులైంది. ఆ పాపను చూసుకునే మనుషులకు నెలనెలా డబ్బు కట్టడం కోసమే డోరతీ మళ్లీ క్లబ్బుల్లో పాడటం మొదలుపెట్టింది.

క్లబ్బులో పాడటం అంటే తక్కువగా చూడకండి. ఫిల్ మూర్ అనే సంగీత దర్శకుడు ఆమె గొంతుకు తగ్గట్టు పాటలు ఎంచి, వరుసలు మార్చి, ఎక్కడ నిలబడాలో ఎక్కడ ఆగాలో దగ్గరుండి చూసుకున్నాడు. 1951లో హాలీవుడ్‌లోని మొకాంబో క్లబ్‌లో పాడిన తర్వాత ఆమె పేరు మోగిపోయింది. 1955లో న్యూయార్క్ వాల్డార్ఫ్ ఆస్టోరియా హోటల్ ఎంపైర్ రూమ్‌లో ప్రధాన గాయనిగా పాడిన మొదటి నల్లజాతి మనిషి ఆమే. అదే కాలంలో లాస్ వెగాస్‌లో పరిస్థితి చూడండి, నల్లజాతి కళాకారులు హోటల్‌లో పాడొచ్చు కానీ ఆ హోటల్‌లో పడుకోవడానికి వీల్లేదు. పాట అయిపోగానే ఊరి పడమటి వైపు, తమవాళ్లు ఉండే వాడకు వెళ్లిపోవాలి. మేం పాడటానికి పోయినప్పుడు కూడా అందరూ తిన్నాకే మాకు పెట్టేవాళ్లు, చీర మార్చుకోవడానికి గది అడిగితే జనరేటర్ వెనకాల పరదా చూపించేవాళ్లు. దాన్నీ దీన్నీ ఒక్క గాటన కట్టను. కానీ పాట కావాలి, పాడే మనిషి వద్దు అనే చూపు ఎట్లా ఉంటుందో మాకు కొంచెం తెలుసు.

ఇక సినిమాలు. 1953లో 'బ్రైట్ రోడ్'లో టీచరమ్మగా చేసింది, ఎదురుగా హెడ్‌మాస్టర్‌గా హ్యారీ బెలఫాంటే, ఆయనకు అదే మొదటి సినిమా. నెమ్మదైన పాత్ర. తర్వాత దర్శకుడు ఆటో ప్రెమింజర్ 'కార్మెన్ జోన్స్' తీస్తున్నాడని తెలిసి వెళ్లి అడిగితే, నువ్వు మరీ నాజూగ్గా, పెద్దింటి పిల్లలా ఉన్నావు, కార్మెన్‌కు పనికిరావు, ఇంకో మంచిపిల్ల వేషం ఉంది అది చెయ్యి అన్నాడు. ఆమె ఇంటికొచ్చి ఏడుస్తూ కూర్చోలేదు. విగ్గు, భుజాలు కనిపించే జాకెట్టు, బిగుతు స్కర్టు వేసుకుని, నడక మార్చుకుని మళ్లీ ఆయన ముందుకు వెళ్లి నిలబడింది. వేషం ఆమెదైంది. మీ వ్యాసంలో ప్రెమింజర్‌తో ఆమె సంబంధం గురించి రెండు పేరాలున్నాయి, ఈ సంగతి మాత్రం లేదు. ఒక నటి తన పాత్రను తను ఎట్లా సంపాదించుకుందో చెప్పే ముచ్చట వదిలేసి ఇంకేం చెప్పినా ఏం లాభం?

ఆ సినిమాలో ఒక పాట గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే నా వృత్తి అదే. రెండో ప్రపంచ యుద్ధం రోజులు, సైనికులకు పారాచూట్లు కుట్టే ఫ్యాక్టరీ, అందులో క్యాంటీన్. నల్ల జాకెట్టు, ఎర్ర స్కర్టు వేసుకుని డోరతీ లోపలికి వస్తుంది, చుట్టూ మగవాళ్లు మూగుతారు, ఆమె తిండి తీసుకుంటూ, నడుస్తూ, ప్రేమ గురించి పాడుతుంది. వరుస ఫ్రెంచ్ సంగీతకారుడు బిజే ఒపెరాలోది, అంటే పాటలతోనే నడిచే నాటకంలోది, మాటలు ఆస్కార్ హ్యామర్‌స్టీన్‌వి. ఒకసారి శబ్దం తీసేసి ఆమె గొంతు మాత్రమే చూడండి. స్వరం పైకి వెళ్లేముందు మెడ కింద నరం బిగుస్తుంది, చరణం మొదలయ్యేముందు ఛాతీ నిండా ఊపిరి తీసుకుంటుంది, దీర్ఘం దగ్గర పెదవి సడలించదు. మన సినిమాల్లో పెదవి కలపడం చాలామంది చేస్తారు, ఊపిరి కూడా కలిపేవాళ్లు అరుదు. పాడే మనిషి కాబట్టే ఆమెకు అది వచ్చింది.

కానీ మనం వినేది ఆమె గొంతు కాదు. మార్లిన్ హార్న్ అనే ఇరవై ఏళ్ల తెల్ల అమ్మాయిది, తర్వాత ఒపెరాలో ఆమె ఎంతో పేరు తెచ్చుకుంది. ఒపెరా స్వరాలకు ఒపెరా గొంతే కావాలన్నారు, హ్యారీ బెలఫాంటే అంతటి గాయకుడికి కూడా ఆ సినిమాలో వేరే గొంతు పెట్టారు. మార్లిన్ హార్న్ తప్పేమీ లేదు, డోరతీ గొంతు తీరును వినివిని దానికి దగ్గరగా పాడటానికి ప్రయత్నించింది. ఇది చెబితే మనవాళ్లు అందులో ఏముంది, మనకు ఎప్పుడూ ప్లేబ్యాకే కదా అంటారు. నిజమే, తెరమీద ఒకరు, తెరవెనక సుశీలమ్మ, మనకు అలవాటే. కానీ ఐదారేళ్ల వయసు నుంచి పాడి పొట్టపోసుకున్న మనిషికి, పాటతోనే పేరు తెచ్చుకున్న మనిషికి, జీవితంలో పెద్ద సినిమా వచ్చినప్పుడు అందులో నీ గొంతు వద్దు అంటే ఎట్లా ఉంటుందో ఆలోచించండి. 1959లో 'పోర్గీ అండ్ బెస్'లో కూడా ఇదే జరిగింది, ఈసారి అడెల్ అడిసన్ గొంతు. మరి డోరతీ సొంత గొంతు ఏమైంది? 1958లో వర్వ్ అనే రికార్డుల కంపెనీకి ఆస్కార్ పీటర్సన్ పియానోతో, మంచి జాజ్ వాద్యగాళ్లతో కలిసి ఆమె పాటలు రికార్డు చేసింది. ఆ టేపులు పెట్టెలోనే ఉండిపోయాయి. ఆల్బమ్‌గా బయటికి వచ్చింది 1999లో, అప్పటికి ఆమె పోయి 34 ఏళ్లు. నేను ఫోన్‌లో మొదట విన్నవి ఆ పాటలే. గట్టిగా అరవదు, మాటను పెదవి చివర పట్టుకుని వదులుతుంది. దయచేసి ఒక్కసారి వినండి.

'కార్మెన్ జోన్స్' వచ్చిన కొద్ది రోజులకే, 1954 నవంబర్ 1 లైఫ్ పత్రిక ముఖచిత్రంగా ఆమెను వేసింది, ఆ పత్రిక ముఖచిత్రంగా వచ్చిన మొదటి నల్లజాతి స్త్రీ ఆమె. 1955 మార్చి 30న ఆస్కార్ వేడుక. ఉత్తమ నటి విభాగంలో నామినేషన్ పొందిన మొదటి నల్లజాతి నటి డోరతీనే. జూడీ గార్లాండ్, ఆడ్రీ హెప్‌బర్న్, జేన్ వైమన్ కూడా పోటీలో ఉన్నారు, అవార్డు గ్రేస్ కెల్లీకి వెళ్లింది. ఆ రాత్రి ఎడిటింగ్ అవార్డు ఇవ్వడానికి డోరతీ స్టేజీ మీదికి వెళ్లింది.

తర్వాత రెండేళ్లకు పైగా ఆమెకు ఒక్క సినిమా రాలేదు. మళ్లీ తెరమీద కనిపించింది 1957లోనే. ఫాక్స్ కంపెనీతో మూడు సినిమాల ఒప్పందం ఉంది, ఆస్కార్ నామినేషన్ ఉంది, అందం సరే, పాట ఉంది, ఆట ఉంది, అయినా పని లేదు. ఎందుకు? మీ వ్యాసంలో 'దురదృష్టం' అని రాశారు. దురదృష్టం కాదండీ, దానికి రాతపూర్వకమైన రూలు ఉంది. 1934 నుంచి హాలీవుడ్‌లో ప్రొడక్షన్ కోడ్ గట్టిగా అమలైంది, అంటే తెరమీద ఏం చూపకూడదో చెప్పే నిబంధనల పట్టిక. తెల్లవాళ్లకు, నల్లవాళ్లకు మధ్య ప్రేమ, శారీరక సంబంధం తెరమీద చూపకూడదని అందులో ఉంది. హీరోయిన్ అంటే ఎదురుగా హీరో ఉండాలి కదా, పెద్ద కంపెనీల హీరోలందరూ తెల్లవాళ్లే. వాళ్ల పక్కన ఆమె ప్రేమించే అమ్మాయిగా నిలబడకూడదు. ఇక మిగిలింది అందరూ నల్లజాతి నటులే ఉండే సినిమా, అది ఎప్పుడో ఏళ్లకొకటి తీస్తారు, దక్షిణాది థియేటర్లు ఆడించవని భయం. హీరోయిన్‌ను తయారుచేసి, ఆమె నిలబడటానికి మాత్రం చోటు ఉంచలేదు. 1956లో ఆ నిబంధన తీసేశారు. అయినా మరుసటి ఏడు 'ఐలాండ్ ఇన్ ద సన్'లో ఆమెను ప్రేమించే తెల్ల నటుడు జాన్ జస్టిన్ తెరమీద ఆమెను ముద్దు పెట్టుకోవడానికి లేదు. దానికే దక్షిణాదిలో గొడవలు చేశారు.

మధ్యలో ఒక అవకాశం వచ్చింది, 'ద కింగ్ అండ్ ఐ'లో టప్టిమ్ అనే పాత్ర. రాజుకు కానుకగా ఇచ్చిన బానిస పిల్ల. డోరతీ చేయనంది. ప్రెమింజర్ సలహా కూడా అదే అని చెబుతారు, తర్వాత ఆమె దానికి బాధపడిందని కూడా రాశారు. ఆ పాత్ర రీటా మోరెనో చేసింది. మీ వ్యాసకర్త దీన్ని ఆమె చేసిన పెద్ద తప్పు అన్నారు. నేను ఒప్పుకోను. తల్లి వేసిన పనిమనిషి వేషాలు చూసి పెరిగిన మనిషి, కథానాయిక స్థాయికి వచ్చాక బానిస వేషం వేయను అంటే అది తప్పెట్లా అవుతుంది? ఆ ఒక్కటి కాదంటే ఇంకొకటి ఇవ్వడానికి ఎవరి దగ్గరా ఏమీ లేకపోవడం అసలు తప్పు. ఫ్రాన్స్ వెళ్లి 1958లో 'టమాంగో' చేసింది, బానిసల ఓడ కథ. అందులో ఆమె ఓడ కెప్టెన్ ఉంచుకున్న బానిస, చివరికి తిరగబడ్డ తనవాళ్ల వైపు వెళ్లి నిలబడుతుంది. ఇదీ బానిస వేషమే కదా అని అడగొచ్చు. తిరగబడే బానిసకూ కానుకగా వచ్చిన బానిసకూ తేడా ఉంది, ఆమెకు అది తెలుసు.

ఆమె ఒక్కతే కాదు. 1929లో కింగ్ విడోర్ తీసిన 'హల్లెలూయా'లో నీనా మే మెకిన్నీ అనే చిన్న వయసు అమ్మాయి తెరను ఊపేసింది, ఎంజీఎం స్టూడియో ఐదేళ్ల కాంట్రాక్టు ఇచ్చింది, తర్వాత ఇవ్వడానికి పాత్రలు లేవు, ఆమె యూరప్ వెళ్లి పాడుకుంది. నల్లజాతి గాయని లీనా హార్న్‌ను అదే ఎంజీఎం పెద్ద సినిమాల్లో పెట్టింది, కానీ కథతో సంబంధం లేకుండా ఒక స్తంభం పక్కన నిలబెట్టి పాడించేవాళ్లు. దక్షిణాది థియేటర్లకు పంపేటప్పుడు ఆ పాటను కత్తిరించినా కథ తెగదు, అందుకే. 'షో బోట్' తీసినప్పుడు మిశ్రమ జాతి అమ్మాయి జూలీ పాత్ర లీనాకు రావలసింది, తెల్లనటి ఎవా గార్డ్‌నర్‌కు ఇచ్చారు. లీనా కోసం తయారుచేసిన మేకప్ రంగునే తెల్ల నటీమణులకు పూసి ఇలాంటి పాత్రలు వేయించేవారని లీనానే చెప్పేది.

ఈ ముక్క చదివినప్పుడు నాకు మన సినిమాలే గుర్తొచ్చాయి. నల్లగా ఉన్న పల్లెటూరి అమ్మాయి పాత్ర రాసుకుంటారు, దానికి ముంబై నుంచి తెల్లటి అమ్మాయిని తెచ్చి ముఖానికి, చేతులకు రంగు పూస్తారు. మాటలు ఇంకెవరో చెబుతారు. భూపాలపల్లిలో, ఏటూరునాగారంలో ఆ రంగుతోనే పుట్టిన అమ్మాయిలు లేరా, వాళ్లకు నటన రాదా? మన తెలంగాణ మాట సంగతి చూడండి, చాలా ఏండ్లు అది విలన్ పక్కన ఉండేవాడికి, నవ్వించేవాడికి, పనిమనిషికే. హీరోయిన్‌కు ఎన్నడూ లేదు. ఈ పదేళ్లలో కొంచెం మారింది, బాగానే మారింది. రంగు విషయంలో మాత్రం ఏమీ మారలేదు.

నా దగ్గర పాట నేర్చుకునే ఒక అమ్మాయి ఉంది, పర్కాల వైపు నుంచి బస్సులో వస్తుంది. శ్రుతి పట్టుకుంటే వదలదు, మంద్రంలో కూడా మాట స్పష్టంగా ఉంటుంది. వాళ్ల బడి వార్షికోత్సవంలో పాటకు ఈమెనే ఎంచుకున్నారు. తీరా ముందురోజు రిహార్సల్లో, నువ్వు సైడ్ వింగ్‌లో మైకు పట్టుకుని పాడు, స్టేజీ మీద వేరే అమ్మాయి నిలబడి చేస్తుంది అన్నారు. ఆ వేరే అమ్మాయి తెల్లగా ఉంటుంది, లెహంగా కూడా ఆమె కొలతకే కుట్టించారు. నేను చూడటానికి వెళ్లాను. మా పిల్ల సౌండ్ మిక్సర్ పక్కన వైర్ల మధ్య నిలబడి, స్టేజీ మీది అమ్మాయి నోరు కనిపించేలా మెడ చాపి, ఆమె పెదవి తెరిచే దాకా ఆగి ఆగి పల్లవి అందుకుంటోంది. అంటే పాడే పిల్లే నటించే పిల్లకు తాళం అనుసరించాల్సి వచ్చింది. చప్పట్లు కొట్టేటప్పుడు హెడ్‌మాస్టర్ పిలిచింది స్టేజీ మీది అమ్మాయినే. బయటికి వచ్చాక, 'పాట మంచిగనే వచ్చింది గద టీచర్?' అని అడిగింది. మంచిగ వచ్చింది బిడ్డా అన్నాను. ఇంకేమీ అడగలేదు. వాళ్లమ్మ మాత్రం 'మా పిల్ల కొంచెం రంగు తక్కువ గద మేడమ్' అంది, ఆ తల్లి గొంతులో కోపం కూడా లేదు. ఆ స్టేజీ మీది పిల్లను అనడానికి నాకు మనసు రాదు, చిన్నపిల్ల, పెద్దవాళ్లు నిలబడమన్నచోట నిలబడింది.

ఆ పిల్లకు తర్వాత నేను డోరతీ పాటలు వినిపించాను. చచ్చిపోయిన కథ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం కనపడలేదు.

మీ వ్యాసం మీద నాకున్న అసలు ఫిర్యాదు అదే. ఆమె 1965 సెప్టెంబర్ 8న 42 ఏళ్లకు చనిపోయింది, చావుకు కారణం మీద డాక్టర్లే రెండు రకాలుగా చెప్పారు, బ్యాంకులో రెండు డాలర్ల చిల్లర మిగిలింది. నిజమే, దాచమని అనను. 1963లో దివాలా తీసింది, నూనె బావుల్లో పెట్టుబడి అని నమ్మించి ముంచారు, కూతురును ప్రైవేటుగా చూసుకునే డబ్బు లేక ప్రభుత్వ ఆసుపత్రికి పంపాల్సి వచ్చింది. కానీ చనిపోయే రోజుల్లో ఆమె న్యూయార్క్‌లో బేసిన్ స్ట్రీట్ ఈస్ట్ క్లబ్‌లో పాడటానికి బయల్దేరబోతోంది, ప్రోగ్రామ్ ఒప్పుకుని ఉంది. ఇంత జరిగాక కూడా ఆమె మళ్లీ స్టేజీ ఎక్కడానికి సిద్ధమైంది. మీరు రెండు డాలర్లు రాశారు, ఈ బుకింగ్ రాయలేదు.

ఇంకో సంగతి, ఇది పేపరు నడిపే మీకు ప్రత్యేకంగా చెప్పాలి. ఆ రోజుల్లో కాన్ఫిడెన్షియల్ అని ఒక గాసిప్ పత్రిక ఉండేది, సినిమావాళ్ల పడకగదుల కథలే దాని వ్యాపారం. లేక్ టాహో దగ్గర ఒక తెల్ల సంగీతకారుడితో డోరతీ అడవిలోకి వెళ్లిందని ఒక కథ అచ్చేసింది. ఆమె దావా వేసింది, పత్రిక 10,000 డాలర్లిచ్చి రాజీ చేసుకుంది. 1957లో ఆ పత్రిక మీద లాస్ ఏంజెలెస్‌లో క్రిమినల్ కేసు నడిచినప్పుడు పెద్ద పెద్ద తారలు సాక్ష్యానికి భయపడి తప్పుకున్నారు, బోనెక్కింది మోరీన్ ఓహారా, డోరతీ డాండ్రిడ్జ్. లేక్ టాహో దగ్గర నల్లవాళ్ల మీద ఉన్న ఆంక్షల వల్ల తను హోటల్ గది దాటి తిరిగే పరిస్థితే లేదని, తెల్లమనిషితో షికారు ఎక్కడిదని కోర్టులో చెప్పింది. తన గురించి ఏది రాయకూడదని ఆమె కోర్టు దాకా వెళ్లిందో, పోయిన అరవై ఏళ్లకు మనం వరంగల్‌లో కూర్చుని టీ తాగుతూ చదివింది దాదాపు అదే. మీరు కావాలని చేశారని నేను అనను, ఇంగ్లిష్‌లో దొరికే కథనాలు చాలావరకు అట్లానే ఉంటాయి, వాటినే తెచ్చుకుని ఉంటారు.

మలయాళంలో పి.కె. రోజీ విషయంలోనూ ఇంతే. 'విగతకుమారన్' అనే మొదటి మలయాళ సినిమాలో నాయికగా చేసింది, దళిత అమ్మాయి నాయర్ స్త్రీ వేషం వేసిందని ఊళ్లోంచి తరిమారు. తరమడం గురించే రాస్తాం, నటిగా ఆమె ఏం చేసిందో చెప్పడానికి ఆ సినిమా రీలు కూడా మిగల్లేదు. డోరతీవి మిగిలాయి. సినిమాలున్నాయి, సౌండీలున్నాయి, 1999 ఆల్బమ్ ఉంది. ఉన్నప్పుడైనా చూసి రాయొచ్చు కదా. 2002లో హాలీ బెర్రీ ఉత్తమ నటి ఆస్కార్ అందుకుంటూ, ఏడుస్తూ, మొదట చెప్పిన పేరు డోరతీ డాండ్రిడ్జ్‌ది, తర్వాత లీనా హార్న్, డయాన్ కారల్. ఆ అవార్డు అందుకున్న మొదటి నల్లజాతి నటి హాలీ బెర్రీ, ఆమెదీ క్లీవ్‌లాండే. 1955 నుంచి లెక్కపెడితే 47 ఏళ్లు పట్టింది.

మీరు ఈ వ్యాసాన్ని సరిదిద్దమని అడగడం లేదు. ఇంకో ఆదివారం ఇంకో పేజీ ఇవ్వండి. డోరతీతో మొదలుపెట్టి నీనా మే మెకిన్నీ, లీనా హార్న్ మీద కూడా రాయించండి. వాళ్లతోపాటు మన నిజామాబాద్ వైపు చిందు ఎల్లమ్మ గురించి కూడా. చిందు యక్షగానంలో ఆమె ఏ వేషాలు కట్టింది, ఏ పాట ఎట్లా అందుకునేది, ఆమెతో కలిసి ఆడినవాళ్లు, ఆమె ఆట చూసినవాళ్లు ఇంకా ఉన్నారు, వెళ్లి అడగండి. రాసేవాళ్లకు సినిమాల పేర్లు, పాటలు ఎక్కడ దొరుకుతాయో కావాలంటే నేను ఇస్తాను, మా కీబోర్డు అన్న దగ్గర ఇంకా చాలా ఉన్నాయి. ఫొటో మాత్రం పోయినసారి వేసింది వద్దు, మైకు ముందు నిలబడి పాడుతున్న ఫొటోలు ఆమెవి చాలా ఉన్నాయి, వాటిలోంచి ఒకటి వేయండి.

ఇట్లు,
మీ పాఠకురాలు,
హనుమకొండ